బయోడేటాలో పడవేదీ?

మామది కర్నూలు. కలెక్టరేటుకు దగ్గర్లో జిరాక్స్, డీటీపీ సెంటరు. పింఛను అర్జీలు మొదలు కువైట్ పోయేవాళ్ల బయోడేటాల దాకా ఆయన కీబోర్డు దాటి పోవాల్సిందే. అల్లుడిది కడప. సరుకు ఓడల మీద వంటవాడు, కాంట్రాక్టు ముగిసి సెలవుకు వచ్చాడు. ఇద్దరి తగువూ మూడో మనిషి గురించి. సంగమేశ్వరం వైపు పల్లె నుంచి ఒక కుర్రాడు వచ్చి, యాటులో డెక్ మీద పని చూసుకుంటున్నాను, కాయితం తయారుచేసి పెట్టమన్నాడు. యాటంటే కోటీశ్వరులు విహారానికి ఉంచుకునే, లేదా వారాల లెక్కన అద్దెకిచ్చే పెద్ద పడవ. పనివాళ్ల తిండీ పడకా అన్నీ అందులోనే. మామ రెండు పేజీలు కొట్టి, ఎట్లుందో చూడమని అల్లుడి చేతిలో పెట్టాడు.

అల్లుడు: మామా, ఇందులో పడవేదీ?

మామ: ఏం పడవరా?

అల్లుడు: పిల్లోడు ఏం పని చేస్తాడో నువ్వే కదా చెప్పినావు.

మామ: వాళ్ల నాయన శ్రీశైలం నీళ్లల్లో చేపలు పడతాడు. వీడు బోటు తోల్తాడు. సంగమేశ్వరం గుడి నీళ్లల్లోంచి బయటపడిన నెలల్లో జనాన్ని తిప్పుతాడు, మిగతా నెలలు వలల పని. అదేమన్నా ఉద్యోగమా రాసేదానికి? చదువు రాసినా. పది పాసు, ఐటీఐ ఫిట్టరు. కెరీర్ ఆబ్జెక్టివ్ రాసినా, స్ట్రెంగ్త్స్ రాసినా. ఇంకేం గావాల?

అల్లుడు: ఈ కెరీర్ ఆబ్జెక్టివ్ నాలుగు లైన్లూ పోయినసారి నేనొచ్చినప్పుడు ఒక నర్సమ్మ బయోడేటాలో చూసినా. అంతకు ముందు ఒక ఎలక్ట్రీషియన్‌దాంట్లో కూడా.

మామ: మంచి వాక్యం కాబట్టే అందరికీ పెడతాండా.

అల్లుడు: అందరికీ సరిపోయేది ఒకడి గురించి ఏం చెప్తాది మామా? యాటు కెప్టెన్ దీన్ని ఎప్పుడు చూస్తాడనుకుంటాండావు? రేవులో నీళ్లు పట్టించుకుంటా, ఫోన్లో. ఫస్టు పేజీ పైభాగం తప్ప చూడడు. ఆడ ఆయనకు కావాల్సినవి కొన్నే. ఏ పని అడుగుతాండాడు, ఏ దేశస్థుడు, ఇప్పుడు యాడుండాడు, ఎప్పుడు చేరగలడు, పాస్‌పోర్టు ఎప్పటిదాకా ఉండాది, వీసాలేమన్నా ఉండాయా, సేఫ్టీ సర్టిఫికెట్లు ఏవి, ఏ తేదీ దాకా. సిగరెట్టు తాగుతాడా లేదా. కనపడేచోట పచ్చబొట్టు ఉండాదా లేదా.

మామ: పచ్చబొట్టు కూడానా! పెళ్లిచూపులా అది?

అల్లుడు: చొక్కా మోచేతిపైకి ఉంటాది. చేతిమీద బొమ్మ కనపడటం కొందరు ఓనర్లకు నచ్చదు. ముందే చెప్తే గొడవ లేదు. నువ్వేమో ఈడ తండ్రి పేరు, మతం, కులం, డోర్ నంబరు, మండలం, పిన్‌కోడు అన్నీ వేసినావు. పేజీలో మూడోవంతు వీటికే పాయె. చివర పై వివరాలన్నీ సత్యమని ప్రమాణం చేస్తున్నానంటా సంతకం ఒకటి.

మామ: ప్రమాణం లేకపోతే అది బయోడేటా ఎట్లయితాది?

ప్రమాణం దగ్గర మామ కాసేపు మొండికేశాడు. ఆయన కాయితాలన్నీ తహసీల్దారుకో, బ్యాంకుకో, ఎంప్లాయ్‌మెంటు ఎక్స్ఛేంజీకో పోయేవి. అక్కడ నమ్మకమంటే సంతకం, ముద్ర. మామను తప్పుపట్టలేం. రాయలసీమలో రెండు మూడు తరాలు అట్లాంటి కాయితాలతోనే బతికాయి.

అల్లుడు: ఫోటో చూడు. నీలం తెర, నల్లకోటు, టై. ఈ కోటు ఎవరిది?

మామ: స్టూడియో వాడు కంప్యూటర్లో తగిలించినాడు. ఎంత బాగుండాడు పిల్లోడు!

అల్లుడు: బ్యాంకు మేనేజరు లెక్క ఉండాడు. డెక్ మీద పని చేసేవాళ్లు తెల్ల పోలో చొక్కా, నిక్కరు వేసుకుంటారు. ఫోటో కూడా అదే చొక్కాతో, గడ్డం గీక్కొని, వెలుతురులో, నవ్వు మొహంతో ఉండాల. ఆ కోటు చూసి కెప్టెన్ ఏమనుకుంటాడో తెల్సా? వీడికి యాటంటే తెలీదనుకుంటాడు. అంతే, తరువాత వాడిది తీస్తాడు.

మామ: సరే, కోటు తీసేద్దాం. కానీ అసలు మాటకు రా. ఎక్స్‌పీరియన్స్ లేనోడిని ఎవుడు తీసుకుంటాడు? దుబాయ్‌లో యాటు మీద మూడేండ్లు చేసినట్ల వేద్దాం. కువైట్ బయోడేటాల్లో ఎన్నిసార్లు వేయలేదు? ఇంట్లో వంట చేసే ఆమెకు హోటల్ అనుభవమని రాసినా. పోయింది, వచ్చింది, ఇల్లు కట్టింది.

అల్లుడు: ఆమె పోయింది ఇంటి పనివాళ్లకిచ్చే ఖాదిం వీసా మీద కదా. నువ్వు రాసిన కాయితం ఆ సేటు చదివినాడా?

మామ: ...చదవలేదులే. రాయచోటి ఆయమ్మ ఒకామె ముందే ఆ ఇంట్లో ఉండె. ఆమె చెప్పింది, వాళ్లు పిలిపించుకున్యారు.

అల్లుడు: చూడు మరి. పని ఇప్పించింది ఆ రాయచోటామె మాట. యాటుల్లో దాన్నే రెఫరెన్స్ అంటారు. బయోడేటా అడుగున ఇద్దరి పేర్లు, వాళ్ల హోదా, ఫోన్లు ఉంటాయి. కెప్టెన్ నిజంగానే ఫోన్ చేస్తాడు. నువ్వు దుబాయ్ యాటని వేస్తే ఏ యాటు అంటాడు. ప్రతిదానికీ ఒక పేరుంటాది, పొడవు ఇన్ని మీటర్లని ఉంటాది, ఏ దేశం జెండా అనేది ఉంటాది, అప్పుడు కెప్టెన్ ఎవరనేది ఉంటాది. ఆ లోకం చిన్నది మామా. మధ్యధరా ఒడ్డున యాంటీబ్‌లోనో పాల్మాలోనో ఒక రేవులో అందరూ అందరికీ తెలుసు. ఒక్క ఫోన్‌తో పాయె. అదీ వద్దు, ఇంటర్వ్యూలో తాడు చేతికిచ్చి బోలైన్ ముడి వేయమంటారు. కోటు వేసుకున్న ఫోటో ముడి వేస్తాదా?

మామ: వీడు వేస్తాడు. తాళ్లతోనే కదా వాడి బతుకు.

అల్లుడు: ఆ మాటే రాయమంటాండా! డెక్‌హ్యాండ్ పనేందో చెప్తా విను. పొద్దున్నే డెక్ కడగాల. ఉప్పు ఎండకముందే స్టీలు, అద్దాలు తుడవాల. తాళ్లు చుట్టి పెట్టాల, లంగరు దింపేటప్పుడు ముందర నిలబడాల. పెద్ద పడవ లోతులో ఆగితే, దాని కడుపులోంచి చిన్న బోటు దింపి అతిథులను ఒడ్డుకు తీసుకపోయి తీసుకరావాల. ఆ చిన్న బోటును టెండర్ అంటారు. నడిరాత్రి హోటల్ కాడ్నించి ఫోనొస్తే చీకట్లో పోయి తోలుకరావాల. మన పిల్లోడు మీసం రాకముందు నుంచీ చేస్తాండేది ఇదే. నువ్వేమో దాన్ని నామోషీ అని దాచిపెట్టి, పాజిటివ్ యాటిట్యూడ్ అని రాసినావు.

మామ: అది సముద్రం కాదు కదరా. జలాశయం.

అల్లుడు: జలాశయమనే రాద్దాం. మంచినీళ్లని కూడా రాద్దాం. దాచితే తప్పు గానీ చెప్తే తప్పేంది? నిండితే 885 అడుగుల మట్టం. గుడికి గుడే మునిగిపోయి ఏడాదిలో సగం పైన కనపడదు. దసరా నాటి గాలిలో ఆ నీళ్లు చూసినోడెవడూ చెరువు అనడు. రాయి, ఈ మాటలే రాయి. బోటు నడిపేవాడు, శ్రీశైలం జలాశయం. ఏడు మీటర్ల ఫైబర్ బోటు, పది హార్స్‌పవర్ ఔట్‌బోర్డు ఇంజను. ట్రిప్పుకు పదిమంది దాకా ప్రయాణికులు. ఇంజను సర్వీసింగు, ఫైబర్ పగుళ్లు పూడ్చడం, రంగు వేయడం, తాళ్ల పని సొంతంగా. రాత్రిపూట నడిపిన అలవాటు ఉండాది. ఈత బాగా వస్తాది.

మామ: ఐటీఐ ఫిట్టరు కూడా ఉండాదే.

అల్లుడు: దాన్ని చివర్లో యాడనో పడేసినావు. యాటులో ఇంజను గదికి ఒక చెయ్యి సాయం పట్టేవాడంటే కెప్టెన్‌కు ప్రాణం లేచొస్తాది. పైకి తీసుకురా.

మామ: అయితే ఇంకొకటి వేద్దాం. ఒకసారి ఒక సినిమా హీరో, ఇంకొకసారి ఒక మంత్రి వీడి బోటెక్కినారు. పేర్లతో సహా వేస్తే...

అల్లుడు: అది మాత్రం వేయొద్దు. యాటులో పనికి పోయేటప్పుడు అతిథుల సంగతి బయట చెప్పనని కాయితం మీద సంతకం పెట్టించుకుంటారు. ఎవరు ఎక్కినారో, ఎవరితో ఎక్కినారో నోరు తెరవకూడదు. ఈరోజు మంత్రి పేరు రాసినోడు రేపు మా ఓనర్ పేరు కూడా చెప్తాడు అనుకుంటారు. ప్రముఖులను సురక్షితంగా తీసుకెళ్లిన అనుభవం అని రాస్తే చాలు.

మామ నవ్వాడు. సీమలో పెద్దోళ్ల పేరు చెప్పుకుంటే పని అవుతుందని ఆయన లెక్క. పేరు చెప్పకపోవడమే అర్హత అయిన ఉద్యోగం ఆయనకు కొత్త.

మామ: రెఫరెన్స్ సంగతి చెప్పు. వీడికి తెలిసిందంతా బోటు ఓనరు. తెల్లదొర ఇంగ్లీషులో ఫోన్ చేస్తే, ఆయన ఎవురప్పా అంటాడు.

అల్లుడు: అందుకే ఇద్దర్ని పెడదాం. ఐటీఐలో పాఠం చెప్పిన సారు ఒకరు, ఆయనకు ఇంగ్లీషు వస్తాది. బోటు ఓనరుతో తెలుగులోనే ఉత్తరం రాయించి, తేదీలతో, కింద ఇంగ్లీషు తర్జుమా పెడదాం. ఎన్నేండ్లు పని చేసినాడు, ప్రమాదమేమన్నా జరిగిందా, తాగి వచ్చినాడా. ఇవే వాళ్లడిగేవి.

మామ: ఇంతవరకు ఒప్పుకుంటా. ఇప్పుడు నేనొకటి అడుగుతా, తప్పించుకోవద్దు. నీ బయోడేటా వజ్రమే అనుకో. పాస్‌పోర్టు మనది. నువ్వే చెప్పినావు, ఆ తెల్లపిల్లోళ్లు ఏప్రిల్‌లో ఫ్రాన్సుకు పోయి రేవెమ్మట నడుచుకుంటా ఒక్కో యాటు దగ్గర కాయితాలిచ్చుకుంటా పోతారని. మనోడికి యూరప్ షెంజెన్ వీసా ఎవుడిస్తాడు? పని వెతుక్కుంటానంటే అసలే ఇవ్వరు. పోనీ ఇచ్చినా, ఆ ఊర్లల్లో గదికి అద్దె? అది పేదోడు ఆడే ఆట కాదురా. ఈ బయోడేటాలు, పోలో చొక్కాలు, అంతా ఉన్నోళ్ల పిల్లలకు పుట్టిన పద్ధతి.

ఈ మాట దగ్గర న్యాయం మామదే. యాటు ఉద్యోగాల మీద సలహాలిచ్చేవాళ్లలో చాలామంది రేవులో నడిస్తే పని దొరుకుతుందంటారు, రేవుదాకా ఎట్లా పోవాలో చెప్పరు. మధ్యధరా సీజను మే నుంచి సెప్టెంబరు దాకా, కరీబియన్ సీజను నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. పాస్‌పోర్టు బలంగా ఉన్నవాడు రెండు సీజన్ల మధ్యా తిరగగలడు. బయోడేటా ఎంత బాగున్నా ఆ గోడను పడగొట్టలేదు.

అల్లుడు: నిజమే. అందుకే మనోడు ఫ్రాన్సుతో మొదలుపెట్టకూడదంటా. నీకు కువైట్‌లో ఎంతమంది తెలుసు? దుబాయ్‌లో? ఆడ మెరీనాల్లో యాటులు బారులు తీరి ఉంటాయి. కువైటీలు శుక్రవారమైతే బోట్లేసుకొని కుబ్బర్ దీవికి పోతారు. మాల్దీవుల్లో రిసార్టు బోట్లుండాయి. గోవాలో ఉండాయి. ముందు అట్లాంటి చోట ఒకటి రెండేండ్లు. అప్పుడు బయోడేటాలో ఉప్పునీళ్లు పడతాయి. ఇంకో దారి, సరుకు ఓడల్లో రేటింగ్‌గా, అంటే కింది స్థాయి పనివాడిగా పోవడం. నేను పోయింది అట్లాగే. అప్పుడు చేతిలో సీడీసీ, అంటే నావికుడి పుస్తకం ఉంటాది. ప్రతి ఓడా ఎక్కిన తేదీ, దిగిన తేదీ దాంట్లో పడతాది. నీ ప్రమాణం సంతకం కంటే అది నమ్ముతారు.

మామ: కడపోడు, కర్నూలోడు సముద్రానికి పోవాలంటే సముద్రం చూసుండాల కదరా ముందు.

అల్లుడు: హైదరాబాదోళ్లు యాడ చూసినారు? హుస్సేన్‌సాగర్‌లో ఏండ్లుగా జాతీయ స్థాయి సెయిలింగ్ పోటీలు జరుగుతాండాయి. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ అని 2009లో పెట్టినారు. బస్తీల పిల్లలను తీసుకొచ్చి తెరచాప పట్టడం నేర్పుతారు. వాళ్లు దేశం తరఫున పోటీలకు పోతాండారు. అంత దూరమెందుకు, నీ షాపుకు కాస్త అవతల పారే కేసీ కాలువ సంగతి నీకు తెలుసు కదా.

మామ: తెలీకేమి! సుంకేసుల కాడ్నించి కడప దాకా. మా తాతల కాలంలో దాంట్లో పడవలు తిరిగేవంట.

అల్లుడు: ఆ కాలువను తవ్వింది నీళ్లకు మాత్రమే కాదు, పడవలకు కూడా.

కేసీ కాలువ గురించి ఒక మాట. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ సాగుకూ రవాణాకూ కలిపి దీన్ని తవ్వించింది. పొడవు మూడు వందల కిలోమీటర్ల పైన. కంపెనీకి లాభం రాలేదు, 1882లో ప్రభుత్వం కొనేసింది. పడవల రాకపోకలు 1930ల్లో ఆగిపోయాయి. సీమవాళ్లకు నీటి పని తెలియదన్నది నిన్న మొన్న పుట్టిన మాట. అయినా తాతలు కాలువలో పడవ నడిపారని మనవడి బయోడేటాలో రాస్తానంటే అల్లుడు ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా.

మామ: సరే, సర్టిఫికెట్లు. ఎస్‌టీసీడబ్ల్యూ అంటివే, చెన్నైలో ఒకడు క్లాసుకు పోకుండానే ఇప్పిస్తానంటాండాడు. మూడు రోజుల్లో చేతికి.

అల్లుడు: ఆ నంబరు నీ ఫోన్లోంచి తీసేయ్ మామా. ఆ కోర్సులో ఏం నేర్పుతారో తెల్సా? నీళ్లల్లో దూకి లైఫ్‌రాఫ్ట్ ఎక్కడం, మంటలార్పడం, ప్రథమ చికిత్స, ఓడ మీద మసలుకునే పద్ధతి. ఎస్‌టీసీడబ్ల్యూ అంటే నావికుల శిక్షణ మీద 1978లో లండన్‌లో కుదిరిన ఒప్పందం, తరువాత 1995లోనూ 2010లోనూ గట్టి చేసినారు. బతకడం, మంటలార్పడం ఐదేండ్లకొకసారి మళ్లీ చేసి చూపించాల. మన దేశంలో నావికుడికి ఇండోస్ నంబరని ఒకటిస్తారు, కోర్సు చేసింది లేనిది డీజీ షిప్పింగ్ రికార్డుల్లో ఉంటాది. దొంగ సర్టిఫికెట్ దొరికితే ఉద్యోగం పోవడం అటుంచు, కేసు. రేపు నడిసముద్రంలో మంటలొస్తే వీడు ఏం చేస్తాడు, నీ ప్రింటు చూపిస్తాడా?

మామ: అరవొద్దు. ఇప్పించలేదు కదా ఇంకా.

అల్లుడు: నిజం కోర్సులు చెన్నైలో, విశాఖలో ఉండాయి. షిప్పింగ్ ఆఫీసులు ముంబైలో, కోల్‌కతాలో, చెన్నైలో. ముంబై చెన్నై రైలు మన కడప మీదుగానే పోతాది. డబ్బులుంటే ఆర్‌వైఏ పవర్‌బోట్ లెవెల్ 2 అని రెండు రోజుల కోర్సు కూడా చేయమను. టెండర్ నడిపేవాడికి అది చాలా యాటులు అడుగుతాయి. కంటి పరీక్ష ముందే చేయించుకోమను. రంగులు తేడా తెలీకపోతే డెక్ పని రాదు. అన్ని ఖర్చులూ పెట్టినాక తెలిస్తే ఏడుపే.

మామ: అన్నీ సరిగా చేసి, నిజమే రాసి పోయినాడనుకో. జీతమియ్యకపోతే? విజయ్ మాల్యా యాటు సంగతి పేపర్లో చదివినా. ఇండియన్ ఎంప్రెస్.

అల్లుడు: 95 మీటర్ల యాటు. 2017 సెప్టెంబరు నుంచి జీతాల్లేవు. అందులో మన దేశం వాళ్లు కూడా ఉండిరి. 2018 మార్చిలో నాటిలస్ అనే యూనియన్ సాయంతో మాల్టా రేవులో యాటును కోర్టు ద్వారా ఆపించినారు. యాటును కదలనీయకుండా చేసి అమ్మించినారు మామా, కువైట్‌లో పనికి పెట్టుకున్న కఫీల్ జీతమెగ్గొడితే ఇల్లు జప్తు చేయించగలరా మనోళ్లు?

మామ: అట్లని ప్రతి యాటులోనూ ఆ రక్షణ ఉంటాదా?

అల్లుడు: ఉండదు. అదే అడగాల్సిన ప్రశ్న. అద్దెకు తిరిగే యాటుకు సముద్ర కార్మికుల ఒప్పందం వర్తిస్తాది. ఓనరు తన సొంత షికారుకే వాడుకునేదానికి చాలావరకు వర్తించదు. పిల్లోడు ఒప్పుకునేముందు మీది ప్రైవేటా, కమర్షియలా అని అడగాల. జీతం, సెలవులు, తిరుగు టికెట్టు కాయితం మీద ఉండాల.

మామ: పని ఇప్పిస్తానని ఒక ఏజెంటు లక్షన్నర అడిగినాడంట వాడిని. పొలం తాకట్టు పెడతామంటాండాడు వాళ్ల నాయన.

అల్లుడు: ఏజెంటుకు ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సుండాదా?

మామ: ఏమో. ఆఫీసులో ఓడ బొమ్మలైతే ఉండాయంట.

చివరికి బయోడేటా ఒక్క పేజీకి దిగింది. కోటు పోయింది, కెరీర్ ఆబ్జెక్టివ్ పోయింది, ప్రమాణం కూడా పోయింది. బోటు పైకి వచ్చింది. యాటు అనుభవం అన్నచోట ఏమీ లేదు, ఖాళీగానే వదిలేశారు. హాబీల్లో క్రికెట్టు ఉంచమని మామ పట్టుబట్టి ఉంచుకున్నాడు. రాత్రి పన్నెండు గంటలు చేపల వల కాచినవాడికి హాబీలేందని అల్లుడు వాదించాడు గానీ ఆ మాట ఆయన వినలేదు. మామకు ఇప్పటికీ ఒక అనుమానం మిగిలే ఉంది, ఇంత నిజం రాస్తే పని రాదేమోనని. రాకపోవచ్చు కూడా. కానీ వచ్చినప్పుడు నిలబడేది ఈ కాయితమే, ఆ రెండు పేజీలది కాదు.

ఏజెంటు సంగతి మాత్రం ఇంట్లో ఇట్లాంటి పిల్లలున్న ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. ఓడల మీదికి మనుషుల్ని పంపే ఏజెంటుకు డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉండి తీరాలి. ఆ జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. 2015లో భారతదేశం ఒప్పుకున్న సముద్ర కార్మికుల ఒప్పందం ప్రకారం నావికుడు పెట్టుకోవాల్సిన ఖర్చు వైద్య పరీక్షకు, నావికుడి పుస్తకానికి, పాస్‌పోర్టుకు మాత్రమే. వీసా ఖర్చు కూడా ఓడ యజమానిదే. ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బడిగినవాడికి పిల్లవాడి పాస్‌పోర్టు ఇవ్వకండి, పొలం కాయితాలు అసలే ఇవ్వకండి.